పేరయ్య ఎక్కడ మాయమయ్యాడు?

చీరాల, పేరాల నుంచి కారంచేడు ఎంతో దూరం కాదు. 1985 జూలై 17న అక్కడి మాదిగపల్లె మీద జరిగిన దాడిలో చనిపోయినవాళ్ల పేర్లు మనలో చాలామందికి కంఠతా వచ్చు. మోషే, యెహోషువా, అబ్రహాం, వందనం, ముత్తయ్య, రమేష్. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చినవాళ్లు తలదాచుకున్నది చీరాలలో చర్చి ఆవరణలో. ఆ శిబిరంలో రాజుకున్న నిప్పే ఆ ఏడాది తెనాలిలో దళిత మహాసభ అయింది. ఈ కథ మనం ప్రతి జూలైలో చెప్పుకుంటాం. చెప్పుకోని ప్రశ్న ఒకటుంది. కారంచేడు మాదిగపల్లెలోకి మోషే, యెహోషువా అనే పేర్లు ఎప్పుడు వచ్చాయి? ఎవరు తెచ్చారు?

దీనికి ఊళ్లో దొరికే జవాబు ఒక్కటే. కరువొచ్చింది, తెల్లదొర గంజి పోశాడు, వీళ్లు మతం మారారు. ఎగతాళిగా చెప్పేవాళ్లూ ఇదే చెబుతారు, జాలిపడి చెప్పేవాళ్లూ ఇదే చెబుతారు. ఎన్నికల సభల్లో ఇదే వినిపిస్తుంది. మన పిల్లలు కూడా కాలేజీలో ఎవరైనా అడిగితే తల దించుకుని ఇదే ఒప్పుకుంటారు. ఈ జవాబులో తెల్లదొర ఉన్నాడు, గంజి ఉంది, కరువు ఉంది. ఒక మనిషి మాత్రం లేడు. కరువుకు పదేళ్ల ముందే, ఎవరూ పిలవకుండా, భార్యను వెంటబెట్టుకుని ఒంగోలుకు నడిచి వచ్చిన మాదిగ తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య.

తెలుగు బాప్టిస్టు సంఘాల్లో ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువే. కానీ ఆ తెలిసింది ఒక్క వాక్యం. మొదటి మాదిగ విశ్వాసి అంటారు, తర్వాత క్లౌ దొర కథలోకి వెళ్లిపోతారు. ఒంగోలులో క్లౌ పేరు మీద పేట ఉంది, ఆసుపత్రి ఉంది. పేరయ్య జీవితం మాత్రం ఆ ఒక్క వాక్యం వెనక మాయమైంది. అది ఎలా మాయమైందో తెలుసుకోవాలంటే ముందు ఆ జీవితం ఏ కాగితాల్లో ఎంత మిగిలిందో చూడాలి.

ఆ రోజుల్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతం కృష్ణా జిల్లా కింద ఉండేది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడ్డాక ఒంగోలు అందులోకి వచ్చింది. 1970లో ప్రకాశం, 2022లో బాపట్ల జిల్లాలు వచ్చాయి. ఇన్నిసార్లు గీతలు మారితే కాగితాలు కూడా చెల్లాచెదురవుతాయి. ఆ కాలపు రెవెన్యూ దస్త్రాల్లో మాదిగ మనిషి కనిపించేది రెండు చోట్ల. వెట్టి చేసేవాడిగా, లేదా నేరం మోపబడినవాడిగా. మాదిగపల్లెలో పుట్టుక రాసే కాగితం లేదు, చావు రాసే కాగితం లేదు. పేరయ్య భూస్వామి అయ్యుంటే పట్టా దొరికేది. బ్రాహ్మణుడయ్యుంటే తాళపత్రమో, గోత్ర పట్టికో దొరికేది. ఆయన తోళ్లు కొని అమ్మినవాడు.

మిగిలిన కాగితాలు మిషన్‌వి. మిషనరీలు అమెరికాకు రాసిన ఉత్తరాలు, అక్కడి మిషన్ పత్రికలో అచ్చయిన నివేదికలు, బాప్టిజం రిజిస్టర్లు, డేవిడ్ డౌనీ రాసిన తెలుగు మిషన్ చరిత్ర. వీటిలో పేరయ్య ఉన్నాడు గానీ, ఆయన గొంతు లేదు. గొంతు దొరికేది ఒక్క చోటే. అది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన రెండు పుస్తకాల్లో. ఆమె జర్మన్ మూలాలున్న అమెరికన్. 1880లలోనే ఒంగోలులో మిషనరీగా పనిచేసింది. తర్వాత స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకుంది. 1894లో క్లౌను పెళ్లి చేసుకుని మళ్లీ ఒంగోలు వచ్చింది. అప్పటికి తొలితరం మాదిగ బోధకులు ముసలివాళ్లవుతున్నారు. వాళ్లు పోతే వాళ్ల తాతల కథలూ పోతాయని ఆమెకు అర్థమైంది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పించుకుంది. క్రైస్తవులు కాకముందు మీరు ఎవరిని కొలిచారు, మీ గురువు ఎవరు, మీ అమ్మ ఏం చెప్పేది అని అడిగింది. ఆ కథలు 1899లో లండన్‌లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలు అన్నట్టుగా దానికి పేరు పెట్టింది. క్లౌ 1910లో చనిపోయాక, ఆయన చెప్పిన జీవితకథను 1914లో ఇంకో పుస్తకంగా తెచ్చింది.

ఆమెను గుడ్డిగా నమ్మాలని నేను అనను. ఆమె మిషనరీ భార్య. మాదిగల పాత భక్తి అంతా క్రీస్తు దగ్గరికి వెళ్లే దారిలో మెట్లు అన్నట్టుగానే కథలు పేర్చింది. అయినా ఆ కాలంలో మాదిగ ముసలివాళ్ల ముందు కూర్చుని, పేరు అడిగి, ఊరు అడిగి, గురువు పేరు కూడా అడిగి రాసుకున్న మనిషి చాలా అరుదు. ఆ పని మన పండితులు చేయలేదు. ఇది చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

పేరయ్యది తాళ్లకొండపాడు. ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ల దూరం. మాదిగ పని గురించి ఇది చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, ఇక్కడ ఒక విషయం పట్టుకోవాలి. ఊళ్లో గొడ్డు చస్తే మోయాలి, తోలు ఒలవాలి. తంగేడు చెక్క, సున్నం, కరక్కాయతో ఊనాలి. రైతు ఇంటికి చెప్పులు, వారు, మోటకు తోలు బొక్కెన కుట్టి ఇవ్వాలి. జాతరకు డప్పు కొట్టాలి. కళ్లంలో ఇచ్చినంత గింజలు తీసుకోవాలి. ఇది ఊరికి కట్టేసిన పని. తోళ్ల వ్యాపారం అలాంటిది కాదు. మద్రాసు నుంచి ఊనిన తోళ్లు ఓడలెక్కి విదేశాలకు వెళుతున్న కాలం అది. ఊరూరా తిరిగి తోళ్లు కొనేవాడికి సంతలు తెలుసు, బాటలు తెలుసు, పది తాలూకాల్లో బంధువులు తెలుసు. రెడ్డి చెప్పిన మాటే లోకం కాదని అతనికి తెలుసు. పేరయ్య అలాంటి మనిషి. అంతో ఇంతో కలిగినవాడు, ఊళ్లో మాటకు విలువ ఉన్నవాడు.

ఆయనకు ఒక గురువు ఉంది. పేరు బండికట్ల వీరమ్మ. అవును, ఆడమనిషి. ఆమె పేరయ్యకు రాజయోగం నేర్పింది. కళ్లు, చెవులు, ముక్కు వేళ్లతో మూసుకుని, శ్వాస బిగబట్టి, లోపలి వెలుగును చూసే సాధన. గంటల తరబడి ఆయన అలా కూర్చునేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు.

ఈ మాట చదివి ఆగిపోవాలి. మాదిగపల్లె అంటే ఎల్లమ్మ, పోలేరమ్మ, కల్లు, దున్నపోతు అని రాసిపెట్టిన పుస్తకాలు మనకు బోలెడు. అవి కూడా నిజమే, వాటిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మాతంగి పూనినప్పుడు పెద్దకులాలవాళ్లు ఆమె తిట్లు తిని తల వంచిన ఆచారాన్ని కూడా ఎమ్మా రాసింది. కానీ అదే పల్లెలో గురుశిష్య పరంపర ఉంది, యోగం ఉంది, తత్వం ఉంది. పోతులూరి వీరబ్రహ్మం మాట ఆ పల్లెల్లో తిరిగింది. ఆయన శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్య ఉన్నట్టే మాదిగ కక్కయ్య ఉన్నాడని పరంపర చెబుతుంది. ముస్లిం పుట్టుకగల నాసరయ్య అనే గురువు వెంట నడిచిన మాదిగలు ఉన్నారు. రామానుజ మతం పేరుతో దాసరులు వచ్చి మంత్రం చెప్పిపోయేవారు. గుడి మూసి ఉంటే ఏం, దేవుడి గురించి వెతకడం ఆగలేదు. చదవడానికి బడి లేదు గనుక ఆ వెతుకులాట అంతా నోటితో, పాటతో, ఊపిరితో సాగింది. కాగితం మీదికి ఎక్కలేదు.

పేరయ్యకు వీరమ్మ నేర్పింది చాల్లేదు. లోపలి వెలుగు కనిపించింది గానీ బయట మాత్రం ఏదీ మారలేదు, అలా అనుకుని ఉంటాడని నా ఊహ. ఎమ్మా అయితే ఆయన దేవుణ్ణి వెతుకుతూనే ఉన్నాడని రాసింది. తోళ్ల పని మీద ఆయన ఉత్తరాన ఏలూరు దాకా వెళ్లాడు. అక్కడ ఇంగ్లీషు మిషన్ సి.ఎం.ఎస్.కు చెందిన అలెగ్జాండర్ దొర బోధ విన్నాడు. ఒకే దేవుడు, ఆయన ముందు కులం లేదు అన్న మాట విన్నాడు. మీ ప్రాంతానికి దగ్గరగా ఒంగోలులో ఒక మిషనరీ వస్తాడని అలెగ్జాండర్ చెప్పాడు. ఇంటికి వచ్చి భార్య నాగమ్మకు చెప్పాడు. ఇద్దరూ ఒంగోలుకు నడిచారు. నెల్లూరు నుంచి అక్కడికి వచ్చి ఉన్న లైమన్ జ్యూయెట్ వాళ్లను ప్రశ్నించి, 1866లో బాప్టిజం ఇచ్చాడు.

ఈ తేదీ గట్టిగా పట్టుకోండి. 1866. మద్రాసు రాష్ట్రాన్ని ఊడ్చేసిన పెద్ద కరువు 1876లో మొదలైంది.

ఇంకో సంగతి కూడా. అమెరికన్ బాప్టిస్టులు తెలుగు నేల మీదికి 1836లోనే వచ్చారు. నెల్లూరులో 1840 నుంచి ఉన్నారు. పాతికేళ్లు దాటినా చేతిలో పట్టుమని కొందరు కూడా లేరు. ఈ మిషన్ దండగ, మూసేద్దామని అమెరికాలో పలుమార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1న జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారని సంఘాలు ఇప్పటికీ గుర్తు చేసుకుంటాయి. ఆ కొండకు ప్రార్థన కొండ అన్న పేరు నిలిచింది. ఆ కథ అందమైనదే. కానీ చరిత్రగా చూస్తే మూతపడబోయిన మిషన్‌కు ప్రాణం పోసింది మాదిగపల్లె నుంచి నడిచి వచ్చిన భార్యాభర్తలు.

జాన్ క్లౌ 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. పేరయ్య ఊరికే కూర్చోలేదు. బాప్టిజం తీసుకుని వెళ్లాక తన బంధువులకు, తోళ్ల బేరగాళ్లకు, యోగం నేర్చుకున్న శిష్యులకు చెబుతూ తిరిగాడు. ఆ జనవరిలోనే క్లౌను తాళ్లకొండపాడు రమ్మన్నాడు. దొర అక్కడికి చేరేసరికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముప్ఫై నలభై మంది అన్నం మూటలు, బట్టలు తెచ్చుకుని చింతతోపులో సిద్ధంగా ఉన్నారు. నాలుగైదు రోజులు కూర్చుని విన్నారు, ప్రశ్నలడిగారు. వాళ్లలో 28 మందికి క్లౌ బాప్టిజం ఇచ్చాడు. ఆ జనాన్ని పోగుచేసింది దొర కాదు. దొరకు అప్పటికి తెలుగు సరిగా నాలుక తిరగదు.

తర్వాత జరిగింది ఒంగోలులో పెద్ద పరీక్ష. క్లౌ పెట్టిన బడిలో అప్పటికి బ్రాహ్మణుల, పెద్దకులాల పిల్లలు చదువుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రాం అన్నారు. దొర దంపతులు ఒక రోజంతా మథనపడ్డారు. వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో అదే భాగం, లోకంలో నీచులని ఎంచబడినవాళ్లను దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం, తగిలిందని క్లౌ జీవితకథ చెబుతుంది. మాదిగలను చేర్చుకున్నారు, పెద్దకులాల పిల్లలు వెళ్లిపోయారు. ఈ ఘట్టాన్ని క్లౌ త్యాగంగా చెప్పుకోవడం అలవాటు. పేరయ్య వైపు నుంచి చూడండి. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు గనుకే ఆ దొర ఏదో ఒక పక్క తేల్చుకోవాల్సి వచ్చింది.

చేరినవాళ్లకు మూడు షరతులు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు, అంటే జాతరకు డప్పు కొట్టకూడదు. దొరకు ఇవి మతనియమాలు. ఊరి పెద్దకు ఇవి తిరుగుబాటు. వారానికి ఒక రోజు నేను రాను అని మాదిగ మనిషి అనడం ఆ ఊళ్లలో అప్పటిదాకా ఎవరూ వినని మాట. నాటుకైనా, కోతకైనా, గ్రామాధికారి సామాను మోయడానికైనా, ఆదివారం రాను. దాంతో పని ఆపేశారు. గింజలు ఆపేశారు. బజారుకు రానివ్వలేదు. దొంగతనం నేరాలు మోపి కచేరీలకు ఈడ్చారు. క్లౌ కలెక్టరుకు ఉత్తరాలు రాస్తూ, కోర్టుల్లో తిరుగుతూ ఉండాల్సి వచ్చింది. నూరేళ్ల తర్వాత కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవకు ఇవే మూలాలని నేను తేల్చి చెప్పలేను గానీ, కాదు అనుకోనిచ్చే మాటే తక్కువ అనే మనిషి మీద ఊరికి వచ్చే కోపం మాత్రం రెండు చోట్లా ఒకటే.

పేరయ్య, ఆయన వెంట వచ్చిన తొలి బోధకులు చేసిన పని చూస్తే ఇవాళ్టి సంఘటన నిర్మాణం గుర్తొస్తుంది. పెళ్లిళ్లకు వెళతారు, చావులకు వెళతారు, సంతలో తోళ్ల బేరం మధ్యలో మాట్లాడతారు. ఒక ఇల్లు కాదు, పల్లె పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, పల్లె పల్లెగా నిర్ణయం తీసుకుంటారు. గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే పాత పద్ధతే కొత్త బోధకు దారి అయింది. క్లౌ ముసలితనంలో ఈ సంగతి ఒప్పుకున్నాడు. మాదిగల పాత కట్టుబాట్లు, పెద్దల మాట, గురువుల ఒరవడి లేకపోతే ఆ ఉద్యమం లేదని ఆ 1914 పుస్తకం నిండా కనిపిస్తుంది. అది ఆయన గొప్పతనమే అనుకుందాం.

ఇదంతా ఒంగోలులో మాత్రమే జరిగిన వింత కాదు. 1873లో పంజాబులో సియాల్‌కోట్ దగ్గర దిత్ అనే చూహ్రా కులస్థుడు బాప్టిజం కోసం తనంతట తాను వచ్చాడు. అక్కడి వేల మంది దళితుల క్రైస్తవ ప్రవేశానికి ఆయనే మొదలు. ఆయన పని ఏమిటి? తోళ్లు కొని అమ్మడం. దేశానికి ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు. ఒకరి గురించి ఒకరికి తెలియదు. ఊరికి కట్టుబడని చిన్న వ్యాపారం చేతిలో ఉన్న మనిషే ముందు ఊరి గీత దాటాడు. జాన్ వెబ్‌స్టర్ లాంటి చరిత్రకారులు ఈ ఉద్యమాలను దళితులే మొదలుపెట్టారని, మిషనరీలు వెనక వచ్చి చేరారని రాసింది ఇలాంటి ఆధారాలతోనే.

ఇక కరువు దగ్గరికి వద్దాం. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది ఆకలితో, కలరాతో చనిపోయారు. సహాయ పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టిన కాలం అది. చీరాలకు దక్షిణాన పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువను కలిసే బకింగ్‌హాం కాలువను కరువు పనిగా తవ్వించారు. క్లౌకు కుర్రతనంలో సర్వే పని తెలుసు. మూడు మైళ్ల పైచిలుకు కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని, ప్రభుత్వ శిబిరాల్లో తన్నులు తింటున్న జనానికి కూలి ఇచ్చాడు. మాదిగ బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. పగలు మట్టి, సాయంత్రం మాట. ఇవాళ్టికీ ఆ నీళ్ల పక్కన వెళ్లేటప్పుడు ఆ కట్టలో ఎవరి చేతులున్నాయో చాలామందికి తెలియదు.

అంతా మతం కోసమే, ఆకలికి సంబంధం లేదు అనడం కూడా అబద్ధమే. కాలువ తవ్వినవాళ్లలో వేల మంది తర్వాత బాప్టిజానికి వచ్చారు. ఆకలి వేళ పక్కన నిలబడినవాడిని నమ్మడం మనిషి గుణం, దానికి మనం సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ కాగితం ఏం చెబుతుందో అదీ చెప్పాలి. కరువు రాకముందే ఒంగోలు సంఘం సభ్యులు వేలల్లో ఉన్నారు. కరువు జోరుగా ఉన్న పదిహేను నెలలు, గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని, క్లౌ ఒక్కరికీ బాప్టిజం ఇవ్వలేదు. సహాయం డబ్బు ఆగిపోయాక, 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర మొదలుపెట్టాడు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ ఏడాది చివరికి తొమ్మిది వేలు దాటింది. గంజి కోసమే అయితే గంజి ఉన్నప్పుడు వచ్చి, గంజి అయిపోయాక వెళ్లిపోవాలి. వీళ్లు గంజి అయిపోయాక వచ్చారు.

పేరయ్య మాయమవడం సరిగ్గా ఇక్కడే మొదలైంది. 2,222 అన్న అంకె అమెరికా అంతా మోగింది. అంత పెద్ద అంకె పక్కన పన్నెండేళ్ల కిందటి ఇద్దరు మనుషులు ఎవరికి కనిపిస్తారు? చందాలు వసూలు చేసే సభల్లో చెప్పడానికి కాలువ, కరువు, నదిలో జనం, తెల్లటి గడ్డం దొర ఉంటే చాలు. మిషన్ వైపు వాళ్లకు కరువు నుంచి కథ మొదలుపెట్టడం బాగుంది. మిషన్‌ను తిట్టేవాళ్లకూ అక్కడి నుంచే మొదలుపెట్టడం బాగుంది. ఇద్దరి చేతుల్లోనూ 1866 జారిపోయింది.

ప్రభుత్వ జాతిశాస్త్రం ఇంకో పని చేసింది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణాది కులాల పుస్తకంలో మాదిగల అధ్యాయం ఎమ్మా సేకరించిన కథల మీద ఆధారపడింది. ఆమె దగ్గర ఫలానా ఊరి ఫలానా మనిషి కథ చెబుతాడు. జాతిశాస్త్రంలోకి వచ్చేసరికి మాదిగలు ఇలా నమ్ముతారు, మాదిగలు అలా చేస్తారు అన్న వర్ణన మిగిలింది. మనిషి కులంలో కలిసిపోయాడు. తర్వాతి పరిశోధకులు థర్‌స్టన్‌ను చూసి రాశారు, ఆ వెనక ఉన్న సాక్షిని అడిగినవాళ్లు తక్కువ.

మన తప్పు కూడా ఉంది. సంఘాలకు యోగి పేరయ్యతో ఇబ్బంది. క్రైస్తవుడు కాకముందు చీకటి అని చెప్పుకోవాలంటే లోపలి వెలుగు చూసిన మాదిగ గురువు అడ్డం వస్తుంది. హేతువాదులకు ఆయన భక్తితో ఇబ్బంది. కమ్యూనిస్టు చరిత్రకారులకు ఆయన కూలీ కాదు, వ్యాపారి అని ఇబ్బంది. ఉద్యమంలో ఉన్న మనకు దళిత చైతన్యం 1917 బెజవాడ ఆది ఆంధ్ర మహాజన సభ నుంచో, ఇంకా ముందుకొస్తే కారంచేడు నుంచో మొదలుపెట్టడం అలవాటు. దండోరా పుట్టిన ఈదుమూడి కూడా ఈ ప్రకాశం నేల మీదిదే, 1994లో. ఆ నేల మీద అంతకు 128 ఏళ్ల ముందు ఒక మాదిగ జంట వేసిన అడుగు మన కరపత్రాల్లో ఎక్కదు. నాగమ్మ అయితే మరీ. భర్త పేరు పక్కన తప్ప ఆమె ఎక్కడా లేదు. ఆమె నడిచింది కూడా ఆ నలభై మైళ్లే.

ఈ వెతుకులాట ఇప్పుడు ఎందుకంటే, కోర్టులో ఇది అవసరం పడుతోంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కేసు బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెం మండలం కొత్తపాలెం నుంచి వచ్చింది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు ఫిర్యాదు చేశాడు. క్రైస్తవంలోకి మారినవాడు షెడ్యూల్డు కులానికి చెందడు గనుక అట్రాసిటీ చట్టం రక్షణ లేదని ఆ కేసు కొట్టేశారు. మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులకు బీసీ-సి కింద ఒక్క శాతం. రంగనాథ్ మిశ్రా కమిషన్ మత నిబంధన తీసేయమంది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. 2022లో వేసిన బాలకృష్ణన్ కమిషన్ ముందు అడిగిన ప్రశ్నల్లో ఒకటి, మతం మారినవాళ్ల బతుకు ఏం మారింది, కులం ఏం మారింది అన్నది.

ఆ ప్రశ్నకు ఊహాగానం జవాబు కాదు. పేరయ్య తరం కాగితాలే జవాబు. మతం మారాక కూడా వెట్టి అడిగారు, డప్పు కొట్టమన్నారు, కొట్టనంటే శిక్షించారు అని 1860ల నాటి ఉత్తరాలు చెబుతున్నాయి. ఊరికి వాళ్ల మతంతో పని లేదు. ఆదివారం గుడికి వెళ్లినా శనివారం దాకా మాదిగే, సోమవారం నుంచి మళ్లీ మాదిగే.

విద్యార్థులకు ఒక మాట. ఈ కాగితాలు ఉన్నాయి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాత దస్త్రాలు అట్లాంటాలోని బాప్టిస్టు చరిత్ర సంఘం దగ్గర ఉన్నాయి. ఆ నాటి మిషన్ పత్రిక సంచికలు, ఎమ్మా పుస్తకాలు, డౌనీ చరిత్ర నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నెల్లూరు జిల్లా పాత రెవెన్యూ ఉత్తరాల కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. మన దగ్గర, చీరాల, బాపట్ల, ఒంగోలు చుట్టుపక్కల పాత సంఘాల్లో బాప్టిజం, పెళ్లి రిజిస్టర్లు బీరువాల్లో చెదలకు ఆహారమవుతున్నాయి. పాస్టరుగారిని అడిగి ఫోన్‌తో ఒక్కో పేజీ ఫొటో తీసినా చాలు. పాత పేరు ఒక గడిలో, కొత్త పేరు పక్క గడిలో రాసి ఉన్న పేజీ దొరికితే, ఏ ముత్తయ్య ఏ రోజు మోషే అయ్యాడో తెలుస్తుంది.

వీరమ్మ మాత్రం ఏ రిజిస్టరులోనూ దొరకదు. ఆమె బాప్టిజం తీసుకోలేదు గనుక మిషన్ కాగితాలకు ఆమెతో పని లేదు. ఆమె మఠాధిపతి కాదు గనుక మఠం కాగితాల్లో లేదు. ఎమ్మా ముందు కూర్చున్న ముసలి బోధకులు మతం మారి ముప్ఫై ఏళ్లయినా ఆమె పేరు మరచిపోలేదు, ఇంటిపేరుతో సహా చెప్పారు. ఆ యోగం, ఆ తత్వాలు పేరయ్యతో ఆగిపోలేదు. పొదిలి, కనిగిరి, ఒంగోలు పల్లెల్లో ఏకతారతోనో, వట్టి చేతులతోనో తత్వాలు పాడే ముసలమ్మలు ఇంకా ఉంటే, వచ్చే ఆదివారం గుడి అయ్యాక వెళ్లి వాళ్ల దగ్గర కూర్చోండి. మీకు ఇది ఎవరు నేర్పారు, వాళ్లకు ఎవరు నేర్పారు అని అడగండి. చెప్పిన పేర్లు వరసగా రాసుకోండి.